ఎదురింటి సిగ్నల్

సకల జనుల సమ్మె మొదలైన వారంలోనే మా అమ్మాయి జ్ఞానేశ్వరి తన లాప్‌టాప్‌లో మ్యాక్ వేసుకుంది. మ్యాక్ అంటే ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లలో వేసే సిస్టమ్. మా అమ్మాయిది ఆ కంపెనీ లాప్‌టాప్ కాదు. పాత బస్టాండు దగ్గర ముస్తఫా దుకాణంలో కొన్న సెకండ్ హ్యాండ్ మామూలు లాప్‌టాప్. అందులో మ్యాక్ నడవదని కంపెనీ వాళ్లు అంటారట. నడిపించుకున్న వాళ్లు మాత్రం ఎట్లా నడిపించుకోవాలో ఇంటర్నెట్‌లో ఓపికగా రాసి పెడతారట. అవన్నీ చదివి, రెండుసార్లు మొత్తం చెడగొట్టి, మూడోసారి నిలబెట్టింది. తెర వచ్చింది, సౌండ్ వచ్చింది. వైర్‌లెస్ ఒక్కటే రాలేదు.

మ్యాకే ఎందుకంటే, హైదరాబాద్‌లో అర్షియా అనే ఆవిడ సమ్మె మీద అరగంట సినిమా తీస్తున్నారు. ఆవిడ ఎడిటింగ్ చేసే సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లోనే నడుస్తుంది. మా అమ్మాయి అప్పటిదాకా సిద్దిపేటలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేది. తలంబ్రాల మీద గులాబీలు రాలించే పని అని తనే నవ్వుకునేది. అర్షియా ఎవరో స్నేహితురాలి ద్వారా ఆ పని చూసి, తన దృశ్యాల హార్డ్ డిస్కును పాలవ్యాన్‌లో పంపించి ఒక అవకాశం ఇచ్చారు. షరతు ఒకటే. ఏ రోజు ఎడిటింగ్‌లో కోసిన ముక్క ఆ రోజు సాయంత్రం ఇంటర్నెట్‌లో పంపాలి, ఆవిడ చూసి మార్పులు చెప్పాలి, సద్దుల బతుకమ్మ ముందు రోజుకు సినిమా పూర్తి కావాలి. బస్సులు బందయ్యాయి కాబట్టి హైదరాబాద్ పోయి కూర్చునే వీలు లేదు. ఇది కుదరకపోతే ఆవిడ అక్కడే ఇంకొకరిని చూసుకుంటారు. మా అమ్మాయి మళ్లీ గులాబీల దగ్గరికి పోతుంది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. సమ్మెలో ఉన్నాను. పొద్దంతా కాలేజీ గేటు ముందు టెంటులో కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చేవాణ్ని. ఇంట్లో మేమిద్దరమే. నా భార్య స్వరాజ్యం అంతకుముందు ఏడాది వానాకాలంలో దవాఖానలో పోయింది.

మా ఇంట్లో ఇంటర్నెట్ ఎప్పుడూ లేదు. ఊళ్లో నెట్ సెంటర్లు సమ్మెతో మూతపడ్డాయి. ఎదురింట్లో ఉంది. గల్లీకి అటువైపు జోహ్రా వాళ్ల ఇల్లు. ఆమె కొడుకు షాదాబ్ ఇంటర్‌లో నా దగ్గర చదువుకున్నాడు, అప్పుడు ఉస్మానియాలో పీజీ చేస్తున్నాడు. నెట్ కనెక్షన్ అతనే పెట్టించాడు. స్వరాజ్యం బడిలో టీచర్. తనకొక చిన్న లాప్‌టాప్ ఉండేది, పలకంత. షాదాబే దాన్ని తమ నెట్‌కు కలిపిచ్చాడు. తను మా ముందుగదిలో కూర్చుని, గల్లీ అవతలి సిగ్నల్‌తో ప్రశ్నపత్రాలు పంపుకునేది. జోహ్రా కిటికీలోంచి "అక్కా, వస్తుందా?" అని అడిగేది. "వస్తుంది" అని ఈమె చెయ్యి ఊపేది.

తను పోయిన తర్వాత రోజూ సాయంత్రం ఏడింటికి నేను ఆ లాప్‌టాప్ తెరిచేవాణ్ని. అందులో ఏమీ చూసేవాణ్ని కాదు. తెర కింది మూలలో చిన్న చిన్న సిగ్నల్ గీతలు ఒకటొకటిగా లేచి నాలుగూ నిలబడేవి. ఎదురిల్లు ఆ యంత్రాన్ని ఇంకా ఎరుగుదునని చెప్పినట్టుండేది. అంతవరకు చూసి మూసేసేవాణ్ని. అన్నం సయించేది.

ఇప్పుడా లాప్‌టాప్ జ్ఞానేశ్వరికి అవసరమైంది. కోసిన ముక్కను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, వాళ్లమ్మ లాప్‌టాప్‌లోంచి అర్షియాకు పంపేది. ఒకే ఇంట్లో, చేతికందే బల్ల మీద ఉన్నా ప్రతి సాయంత్రం నన్ను అడిగేది.

"బాపు, అమ్మది జెర తీసుకోనా?"

"తీసుకో బిడ్డా. అడిగేదేముంది?"

అయినా మరుసటి రోజు మళ్లీ అడిగేది.

*

అర్షియా పంపిన దృశ్యాల్లో ఎక్కువ భాగం రాజీవ్ రహదారి మీద తీసినవి. కుకునూరుపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. లారీలు కనుచూపు మేర ఆగిపోయి ఉన్నాయి. కిష్టవ్వ అనే ముసలామె పెద్ద గిన్నెలో అన్నం కలుపుతుంటే పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి లెమ్మంటాడు. ఆమె లేవదు. విస్తరి ముందుకు జరిపి, "ముందుగాల నువ్వు తిను కొడుకా. తిన్నంక గుంజుదువుగాని" అంటుంది. అతను నిలబడే ఉంటాడు. కెమెరా అతని ముఖం మీద ఉంటుంది. ఆకలిగా ఉన్న ముఖం అది. అంతే, ఇంకేమీ జరగదు.

ఆ దృశ్యాన్ని ఎక్కడ ఆపాలన్న దాని మీద మా అమ్మాయికీ అర్షియాకూ వాదన. ఆవిడ పొట్టిగా చెయ్యమంటారు. ఈమె అతను కళ్లు దించుకునేదాకా ఉంచాలంటుంది. ఫోన్‌లో చెబితే తెలిసేది కాదు. ఒకటికి రెండు రకాలుగా కోసి పంపి చూపించాలి. ముక్కలు పెద్దవయ్యాయి. స్వరాజ్యం లాప్‌టాప్ ఆ బరువు మొయ్యలేకపోయింది. సగం పంపేసరికి వేడెక్కి దానంతటదే ఆరిపోయేది. మళ్లీ మొదటి నుంచి. కింద తడిగుడ్డ పరిచాం, రెండు పుస్తకాల మీద ఎత్తుగా పెట్టాం, ఫ్యాన్ కింద పెట్టాం. బొగ్గు గనుల్లోనూ సమ్మె, కరెంటు కోతలు కాబట్టి ఆ ఫ్యానే సరిగ్గా తిరగని రోజులు. పండుగ దగ్గర పడిన కొద్దీ పని వెనకబడింది.

ఒక సాయంత్రం అర్షియా ఫోన్ చేశారు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. రెండు రోజులు చూస్తానని, అప్పటికీ ఇట్లాగే ఉంటే ఫైళ్లు హైదరాబాద్‌లో ఇంకొకరికి ఇవ్వక తప్పదని చెప్పారు. జ్ఞానేశ్వరి "సరే మేడం, సరే మేడం" అంటూ విన్నది. ఫోన్ పెట్టేసి మ్యాక్ తెర పైమూలలో గొడుగులాంటి వైర్‌లెస్ గుర్తు మీద ఉన్న కొట్టివేతను చాలాసేపు చూసింది. తర్వాత లేచి అన్నం వండింది.

*

మర్నాడు నేను టెంటు నుంచి ముస్తఫా దుకాణానికి పోయాను. సమ్మెలో షట్టర్ సగం దించి పెట్టేవాళ్లు. ఆందోళనకు మర్యాద చేసినట్టూ ఉండాలి, అత్యవసరం వచ్చినవాడు తిరిగి పోకుండానూ ఉండాలి. వంగి లోపలికి పోయాను. ముస్తఫా ఓపికగా విన్నాడు. మ్యాక్ గుర్తుపట్టే వైర్‌లెస్ కార్డులు వేరే ఉంటాయని, తన దగ్గర లేవని చెప్పాడు. "బస్సులు నడుస్తే కోఠిల దొరుకుతుండె సార్." అయినా తన సొంత లాప్‌టాప్ సంచిలో వేసుకుని నాతోపాటు వచ్చాడు. ఈ రెండు రోజులూ దాంట్లోంచే పంపుకోండి అన్నాడు. అడక్కుండా చేసిన సాయం.

జోహ్రాను పాస్‌వర్డ్ అడిగాం. ఆమె గల్లీ దాటి వచ్చి తనే చెప్పింది. ముస్తఫా దాన్ని తన లాప్‌టాప్‌లో కొట్టాడు. కలవలేదు. మళ్లీ కొట్టాడు. కలవలేదు. జోహ్రా చిన్నబుచ్చుకుంది. ఈ మధ్య ఎవరికి చెప్పినా ఇట్లాగే అవుతుందని, తన ఆడపడుచు కూతురు అల్మాస్ ఫోన్‌లోనూ రాలేదని, పాస్‌వర్డ్ పాతబడిపోయిందేమోనని అన్నది. ముస్తఫా ఆమె వైపు చూశాడు.

"ఎంతమందికి చెప్పినవ్ ఖాలా?"

"అడిగినోళ్లకు చెప్పకుండ ఎట్లుంట? చాయ్ హోటల్ పోరగాండ్లు అడిగిన్రు. కుట్టుమిషన్ ఆమె అడిగింది. ఇంట్ల ఉన్నదాన్ని లేదంటనా?"

ముస్తఫా నవ్వు ఆపుకున్నాడు. పోయిన ఏడు నెట్ నిదానంగా వస్తోందని షాదాబ్ తన దుకాణానికి వచ్చాడని, అప్పుడు ఏం జరిగి ఉంటుందో ఇప్పుడు అర్థమైందని చెప్పాడు. తల్లిని చెప్పొద్దనలేక ఆ పిల్లవాడు రౌటర్ అనే ఆ నెట్ పెట్టెకే తాళం వేసుకున్నాడు.

"ప్రతి కార్డుకు పుట్టుకతోటే ఒక నంబర్ ఉంటది ఖాలా. బండికి ఛాసిస్ నంబర్ ఉన్నట్టు. షాదాబ్ గా నంబర్లు చూసి రానిస్తుండు. ఆయనది ఒకటి, టీచరమ్మది ఒకటి. ఇంకెవరు పాస్‌వర్డ్ కొట్టినా రానియ్యది."

"పాపం, వాళ్లంత నేను అబద్ధం చెప్పిననుకున్నరేమో" అన్నది జోహ్రా. తర్వాత, "నా కొడుకు నాకొక్క మాట చెప్పలే" అన్నది. ఆ మాట నెట్ గురించి కాదని అక్కడున్న అందరికీ తెలుసు. ఇంట్లో చెప్పకుండా రైల్ రోకోకు పోయిన షాదాబ్‌ను హైదరాబాద్‌లో ఆ రోజే పోలీసులు పట్టుకుపోయారు. ఫోన్ లేదు. ఎక్కడ పెట్టారో తెలియదు. తండ్రి జానీ పాషా వెతకడానికి ఒక లారీ పట్టుకుని పోయాడు. గల్లీలో బండి చప్పుడైతే ఆమె తలుపు తీసేది.

పెట్టెకు వైరుతో కలిపినా అదే తాళం. తాళం తీసే పాస్‌వర్డ్ వేరే ఉంది, అది ఆ పిల్లవాడికే తెలుసు. పెట్టె వెనక సూదిరంధ్రంలో నొక్కితే తాళం పోతుంది గాని, దాంతోపాటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి వాళ్లు వేసిన వివరాలూ పోతాయి. మళ్లీ వెయ్యడానికి ఎక్స్ఛేంజిలో ఎవరూ లేరు. ముస్తఫా ఇవన్నీ చెబుతూ స్వరాజ్యం లాప్‌టాప్ వేడి చూడ్డానికి చేతిలోకి తీసుకుని బోర్లించాడు. అడుగున చిన్న మూత ఉంది. దాని స్క్రూ మీద అతని బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. జ్ఞానేశ్వరి వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. అతను లాప్‌టాప్‌ను మళ్లీ మెల్లగా బల్ల మీద పెట్టి, "చూద్దాం సార్. కోఠి పోయే లారీ ఏదన్న దొరికితే తెప్పిస్త" అని సంచి సర్దుకున్నాడు.

ఆ చూపులు నేను చూశాను. ఆ మూత కింది కార్డు గురించి వాళ్లిద్దరికీ తెలిసిన సంగతి నాకూ తెలిసింది.

*

మర్నాడు టెంటులో ఉపన్యాసాలు నడుస్తున్నాయి. నేను మధ్యలో లేచి కాలేజీ లోపలికి పోయి, అటెండర్ బుచ్చిరాములును అడిగి ల్యాబ్ తలుపు తీయించాను. వోల్ట్‌మీటర్లు విప్పే చిన్న స్క్రూడ్రైవర్ అల్మారాలో ఉంటుంది. "సమ్మెల గీ పనేంది సార్?" అన్నాడతను. ఇంటి పని అన్నాను. అతను మళ్లీ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. జ్ఞానేశ్వరి పనిలో ఉంది. స్వరాజ్యం లాప్‌టాప్ తెచ్చి ఆమె పక్కన బోర్లా పెట్టి కూర్చున్నాను. స్క్రూడ్రైవర్ చూసి ఆమె చెయ్యి ఆపింది.

"దీంట్ల కార్డు మ్యాక్‌కు పడతదా?" అన్నాను.

"పడతదంటరు."

"ఎప్పటిసంది తెలుసు నీకు?"

"మొదటి రోజే చదివిన బాపు. గా మోడల్‌ల ఉండే కార్డు మ్యాక్ తీసుకుంటదని రాసిన్రు."

"మరి చెప్పకపోయినవ్?"

"నువ్వు రోజు ఏడింటికి తెరుస్తవ్ గద" అన్నది.

నేను స్క్రూ తిప్పడం మొదలుపెట్టాను. మూత లేచింది. లోపల సగం అగ్గిపెట్టెంత ఆకుపచ్చ ముక్క, దానికి నల్లదొకటి తెల్లదొకటి రెండు సన్న తీగలు, చివర్లు చొక్కా గుండీల్లా నొక్కుకుని ఉన్నాయి. పక్కనే ఫ్యాన్ రెక్కల మీద తెల్లటి దుమ్ము. బడి దుమ్మే అయ్యుంటుంది, చాక్‌పీసుది. జ్ఞానేశ్వరి ఊదబోయింది. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాను. గుండీలు గోటితో ఊడదీసి, కార్డును మెల్లగా పైకి లేపాను. అరచేతిలో పెడితే బరువే లేదు.

జ్ఞానేశ్వరి లాప్‌టాప్‌లోని పాత కార్డు తీసి, ఆ జాగాలో దీన్ని కూర్చోబెట్టాం. నల్లతీగ నల్లతీగ చోట, తెల్లతీగ తెల్లతీగ చోట. కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లు బయటి కార్డు కనిపిస్తే అసలు మొదలే కావట. ఇది మొదలైంది. ఆపిల్ పండు బొమ్మ వచ్చింది. తెర వచ్చింది.

గొడుగు గుర్తు మీద కొట్టివేత అట్లాగే ఉంది.

బల్ల మీద స్వరాజ్యం లాప్‌టాప్ కడుపు తెరుచుకుని ఉంది. తిరిగి పెట్టేద్దామా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అప్పటికే జ్ఞానేశ్వరి ఏదో ఫైల్ తెరిచి చూస్తోంది. కార్డును నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన మోడళ్లు వరుసగా ఉన్నాయి. వాటిల్లో అమ్మ కార్డు మోడల్ లేదు, దాని అన్నదమ్ముల్లాంటివి ఉన్నాయి. లాప్‌టాప్‌ను పక్కకు వంచి పట్టుకుని, అడుగున కార్డు మీది అక్షరాలను నన్ను చదవమన్నది. కళ్లజోడు పైకి నెట్టి, స్క్రూడ్రైవర్ కొనతో చూపుకుంటూ చదివాను. ఆమె ఆ వరుస కింద ఒక పంక్తి చేర్చి, లాప్‌టాప్ ఆపి మళ్లీ మొదలుపెట్టింది.

ఈసారి కొట్టివేత లేదు. గొడుగు బూడిదరంగులో ఉంది, దాని పొరలు కింది నుంచి పైకి వెతుక్కుంటున్నట్టు కదిలాయి. గల్లీలోని పేర్లు కొన్ని వచ్చాయి. వాటిల్లో ఎదురింటి పేరు. ఆమె పాస్‌వర్డ్ కొట్టింది. గొడుగు పొర తర్వాత పొర నల్లబడి నిలిచిపోయింది.

ఎదురింటి కిటికీలోంచి జోహ్రా చూస్తోంది. ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలియదు.

"వస్తుందా?" అన్నది.

జ్ఞానేశ్వరి చెయ్యి ఊపింది. జోహ్రా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రమే ఫైల్ పోవడం మొదలైంది. సగంలో కరెంటు పోయింది. మా లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది. ఎదురింటి నెట్ పెట్టెకు లేదు. ఐపోయిందనుకున్నాను. గొడుగు ఒక్క నిమిషం పోయి మళ్లీ వచ్చింది. ఫైల్ ఆగిన చోటి నుంచే కదిలింది. ఎట్లా వచ్చిందో మర్నాడు తెలిసింది. వాళ్లింట్లో మంచాన పడ్డ అత్తగారి ఫ్యాన్ కోసం చిన్న ఇన్వర్టర్ ఉంది. జోహ్రా ఫ్యాన్ వైరు తీసి పెట్టె వైరు పెట్టి, ఫైల్ పోయేదాకా ముసలామెకు విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

ఏడింటికి అలవాటు కొద్దీ స్వరాజ్యం లాప్‌టాప్ తెరిచాను. మూలలో గీతలు లేవు. ఎర్రటి అడ్డగుర్తు ఉంది. మూసి, గుడ్డ చుట్టి, అల్మారాలో ఆమె చీరల పక్కన పెట్టాను. తర్వాత పోయి జ్ఞానేశ్వరి వెనక కుర్చీలో కూర్చున్నాను. అప్పటి నుంచి ఏడింటికి నా కుర్చీ అక్కడే.

*

సినిమా సద్దుల బతుకమ్మ ముందు రోజు పూర్తయింది. కిష్టవ్వ దృశ్యాన్ని అర్షియా చివరికి మా అమ్మాయి అన్నట్టే ఉంచారు. ఇన్‌స్పెక్టర్ కళ్లు దించుకునేదాకా. బస్సులు నడవగానే వచ్చి పనిలో చేరమని, ఇక ఇదే నీ పని అని ఆవిడ చెప్పారు. జ్ఞానేశ్వరి ఫోన్ నా చెవికి పెట్టింది, నేను కూడా వినాలని.

పండుగ రోజు గల్లీ ఆడవాళ్లు బతుకమ్మలను రోడ్డు మీదే పెట్టి ఆడారు. స్వరాజ్యం పేర్చే చోట జ్ఞానేశ్వరి పేర్చింది. తంగేడు పూలు జోహ్రా తెచ్చిచ్చింది.

ఆ నెలాఖరుకు సమ్మె ఆగింది. తెలంగాణ రాలేదు. కాలేజీ తెరిచారు. టెంటు గుంజలు పీకిన చోట గుంతలు అట్లాగే ఉన్నాయి. వాటిని దాటుకుంటూ లోపలికి పోయి పాఠం చెప్పాను.

షాదాబ్‌ను జానీ పాషా ఒక ఉదయం బస్సులో తీసుకొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ఎడమ మణికట్టుకు కట్టు ఉంది. జోహ్రా ఏడవలేదు. నీళ్లు కాగబెట్టి, తినిపించి, పడుకోమన్నది. పడుకోకుండా, అల్మాస్ ఫోన్‌లోనైనా నెట్ వచ్చేటట్టు చెయ్యమన్న తల్లి మాట మీద అతను లాప్‌టాప్‌లో నెట్ పెట్టె సెట్టింగుల పేజీ తెరిచాడట. కాసేపటికి చెప్పులు లేకుండా గల్లీ దాటి మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"సార్. చాచీ పేరు చూపెడుతుంది."

అతను చేతిలోని లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. ఇప్పుడు నెట్ వాడుతున్న వాళ్ల జాబితాలో, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు పేర్లున్నాయి. ఒకటి అతనిది. రెండోది స్వరాజ్యం చాచీ. పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది.

నేను కుర్చీ చూపించి కూర్చోమన్నాను. కార్డు సంగతి చెప్పాను. లోపలి గదిలో జ్ఞానేశ్వరి హైదరాబాద్ పోయే ముందు చివరి పనేదో చేస్తోంది. తలుపు తీసే ఉంది. షాదాబ్ అంతా విన్నాడు. కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని, తెర వైపూ ఆమె వీపు వైపూ చూశాడు.

"పేరు మారుస్త సార్. జ్ఞానేశ్వరి అని పెడ్త. ఒక్క నిమిషం పని."

లోపలి నుంచి జ్ఞానేశ్వరి తల తిప్పకుండానే అన్నది.

"వద్దు షాదాబ్. గట్లనే ఉండనీ. సిగ్నల్ మంచిగొస్తుంది."